డాబా మీద నీళ్లు కట్టిన మేస్త్రి

మొన్న ఉదయం బోరబండ నుంచి మేస్త్రి కొడుకు ఫోన్ చేశాడు. "బాపు పోయిండు సార్. నిద్రలనే పోయిండు" అన్నాడు. సినిమాలకు మాటలు రాసి బతికేవాణ్ణి, ఆ అబ్బాయితో "వస్తున్నా" అని మాత్రం అని చెప్పులేసుకున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. ఫిల్మ్‌నగర్ కొండవాలులో మేం కట్టుకున్న కొత్త ఇంటిని బాగుచేసిన మనిషి. అంతకుముందు చాలాకాలం సినిమా సెట్లలో గోడలు పూశాడు. "అవి పది రోజులు నిలవడితె సాలు సార్. మనుషులుండే గోడలు గట్ల గాదు" అనేవాడు.

గృహప్రవేశం అయిన మొదటి వానాకాలంలోనే అమ్మ గది గోడకు చెమ్మ దిగింది. రంగు ఉబ్బి పెచ్చులు రాలాయి. ఆ ముక్కవాసనకు అమ్మకు ఆయాసం ఎక్కువై, వెంగళరావు నగర్‌లో అక్క వాళ్లింటికి వెళ్లిపోవాల్సి వచ్చింది. "నా గదిలో నేనెప్పుడు పడుకుంటాన్రా?" అని రోజూ ఫోన్‌లో అడిగేది. బిల్డర్ మనుషులు మూడుసార్లు వచ్చి డాబాకు ఏవేవో పూతలు పూశారు. మూడుసార్లూ గోడ తడిసింది. బిల్డర్‌ను నోటికొచ్చినట్టు తిట్టాను. ఆ విద్యలో నాకు కొదవ లేదు.

మేస్త్రి వచ్చాక పూత జోలికే పోలేదు. డాబా మీద ఒక్కో మూలకు చిన్న గట్టు కట్టి, నీళ్లు నింపి, బట్టలకు వేసే నీలిమందు కలిపాడు. ఒక మూలకు ఒక రోజు. ఈలోగా కింద అమ్మ గదిలో కుర్చీ వేసుకుని గోడనే చూస్తూ కూర్చునేవాడు. "ఇంకేమైనా చేయకూడదా మేస్త్రీ?" అని నేను తొందరపడితే, "నీళ్లకు లేని తొందర మనకెందుకు సార్" అనేవాడు.

మూడు మూలలు నీళ్లు నింపినా గోడ పొడిగానే ఉంది. నాలుగోరోజు ఈశాన్యం మూల కట్టాడు. మధ్యాహ్నానికి గోడ మీద సన్నటి నీలిచార దిగింది. వెంటనే పైకెళ్లి, తూము చుట్టూ తవ్వి చూసి, నన్ను పిలిచాడు.

"గీ తూము ఎవలు పెట్టిచ్చిన్రు సార్?"

నేనే. వాటర్‌ప్రూఫింగ్ అంతా అయిపోయాక, నీళ్లు ఈశాన్యం నుంచే పోవాలని వాస్తు సిద్ధాంతి చెబితే, బిల్డర్‌కు తెలియకుండా ప్లంబర్ చేత అక్కడ కన్నం కొట్టించాను. ఆ కన్నంతో కింది పొర చిరిగింది. పైన ఎన్ని పూతలు పూసినా గొట్టం పక్క నుంచి నీళ్లు దిగుతూనే ఉన్నాయి. ఆ క్షణాన నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

ఆయన నవ్వలేదు, దెప్పలేదు. "ఈశాన్యం నుంచే పోనిద్దాం సార్, ఫికర్ లేదు. గని ముందుగాల బిల్డర్‌కు ఫోన్ జేయుండ్రి. తప్పు ఆయనది గాదు" అన్నాడు. చేశాను. క్షమించమని అడిగాను. ఆ ఫోన్ చేయించినందుకే ఆయనకు ఎక్కువ రుణపడ్డాను.

గొట్టం పీకి, పొర మళ్లీ వేసి, తూము కొత్తగా కట్టాడు. గది ఆరాక అమ్మ వచ్చింది. రంగు మాత్రం మేస్త్రి వెయ్యనివ్వలేదు. "వాన సూసినంకనే" అన్నాడు.

వారం తిరక్కుండానే ఒక సాయంత్రం కుండపోతగా వాన. అమ్మ తన మంచం మీద కూర్చుని గోడంతా అరచేత్తో తడిమింది. ఎక్కడా చెమ్మ లేదు. "గెలిచాంరా" అంది, చిన్నపిల్లలా. ఈ శుభవార్త మేస్త్రికి చెబుదామని ఫోన్ చేస్తే, మా డాబా మీదే మోగింది. బోరబండ నుంచి ఆ వానలో ఎప్పుడొచ్చాడో, బయటి మెట్ల మీదుగా నేరుగా పైకి వెళ్లిపోయాడు.

గొడుగు పట్టుకుని పరుగెత్తాను. వెనకే అమ్మ మెట్ల దగ్గర నిలబడి కేకేసింది. "లోపలికి రావయ్యా మేస్త్రీ, తడిసి ముద్దయ్యావు."

"జర ఆగుండ్రమ్మా, మంచిగ పోతున్నయ్ నీళ్లు. సూడనీయుండ్రి" అన్నాడాయన.

మా ఇంట్లోకి ఒక్క చుక్క రానివ్వని ఆ మనిషి నిలువునా తడుస్తూ, ఈశాన్యం మూల గొంతుక్కూర్చుని, సుడి తిరుగుతూ తూములోకి దిగిపోతున్న వాననీళ్లను చూసి నవ్వుతున్నాడు.