వానపాములు వద్దన్న ఆవకాయ

మొన్న మా ఇంట్లో ఏడాదిగా నలుగుతున్న ఒక తగువుకి తీర్పు వచ్చేసింది. తీర్పిచ్చింది వానపాములు! ఓడింది నేను. చెప్తాను వినండి.

మాది బందరు. పెరట్లో నేలంతా ఉప్పు. ఏ వంగమొక్క పెట్టినా నాలుగాకులు వేసి, నా వంక జాలిగా చూసి పోతుంది. సొంత ఎరువుతో ఆ నేలని దారికి తెచ్చి, మా పెరటి గుత్తివంకాయ తినే తీరతానని పంతం పట్టాను. పామర్రు దగ్గర ఒక రైతుగారి షెడ్డులో కిలో వానపాములు కొని, బస్సులో ఒళ్లో పెట్టుకుని తెచ్చాను. పక్క సీటాయన "స్వీట్లాండీ?" అంటే అవునన్నాను. ఇంటికొచ్చి, పెరటి వైపు వంటింటి గుమ్మం పక్కన చిల్లులున్న మూత తొట్టిలో కాపురం పెట్టించాను.

మా ఆవిడ సుజాత ఒకటే షరతు పెట్టింది.

"ఒక్క వానపాము నా వంటింటి గడప దాటిందా, తొట్టితో సహా చెత్తబండి ఎక్కిస్తాను."

"దాటితే నన్నూ ఎక్కించు!" అన్నాను.

నెలరోజులు కూరగాయల తొక్కలు, ఎండుటాకులు, పేడ వేసి మేపాను. పొద్దున్నే మూత తీసి పలకరిస్తే గానీ కాఫీ దిగేది కాదు.

ఇంతలో మామిడికాయలొచ్చాయి. కొత్త ఆవకాయకి జాడీ కావాలి. అందులో పోయినేటిది సగం అలాగే ఉంది. అది నా స్వహస్తాలతో కలిపింది! "ఉప్పెక్కువైంది" అని సుజాత. "ఇంకా ఊరాలి" అని నేను. ఏడాదిగా ఊరుతూనే ఉంది.

"పారేసి రండి" అంది.

నా ఆవకాయని చెత్తలో వెయ్యడమా! మామిడిముక్క, ఆవపిండి, నువ్వులనూనె... ఎంత బలం! తీసుకెళ్లి తొట్టిలో బోర్లించాను. ఏమేం వెయ్యకూడదో యూట్యూబ్ వీడియోలో చెప్పారట. ఆ ముక్క స్కిప్ చేశాను లెండి.

తెల్లారేసరికి సుజాత కేక! పరిగెత్తాను. తొట్టి చిల్లుల్లోంచి, మూత సందుల్లోంచి వానపాములు బారులు తీరి వలస పోతున్నాయి. అన్నిటికంటే ముందున్నది వంటింటి గడప దాటి, తడి కాళ్లపట్టా మీద సేద తీరుతోంది.

పక్కింటి మావయ్య గోడ మీంచి తొంగిచూశాడు. చుట్టమేం కాదు, పిలుపంతే.

"ఏం పెట్టావు అల్లుడూ?"

"ఆవకాయ మావయ్యా."

"నెయ్యి వెయ్యలేదా?"

పంతం వదులుతానా! ఒక్కొక్కదాన్నీ ఏరి మంచినీళ్లలో కడిగాను. తొట్టి తోమాను. చేతులు భగ్గుమంటున్నా కొత్త పేడ, తడిపిన ఎండుటాకులు పరిచి, అన్నిటినీ మళ్లీ దింపాను. సరిగ్గా అప్పుడే వీధిలో చెత్తబండి మైకు!

సుజాత తొట్టి దగ్గరికి నడిచింది. మూత తీసింది. లోపలికి చూసింది. మెల్లగా మూసేసింది.

"తొట్టి ఉంటుంది లెండి."

"నిజంగానా!"

"ఏడాదిగా ఉప్పెక్కువైందని నేనొక్కదాన్నే మొత్తుకున్నాను. ఇన్నాళ్లకి నా పక్షాన ఇంతమంది లేచొచ్చారు. సాక్షుల్ని చెత్తబండి ఎక్కిస్తానా?"

ఈ ఏడు ఆవకాయ తనే కలిపింది. ఆ షరతు మాత్రం అలాగే ఉంది. కాకపోతే ఆవకాయ కలిపే పూట వంటింటి గడప దాటకూడనిది వానపాములు కాదు, నేను.