మావయ్య మేడెక్కిన మ్యాచి

చెవుల్లోంచి తీగలు వేలాడే ఫోన్ల కాలం అది. అప్పట్లో మా ఊళ్లో వాలీబాల్ ఆడనివాళ్లు రెండే రకాలు: ఇంకా నడక రానివాళ్లు, గల్ఫ్ వెళ్లిపోయినవాళ్లు. నేనొక్కణ్ణే మూడో రకం. నడకా వచ్చు, ఊళ్లోనే ఉన్నాను, కానీ బంతి నా చేతికి తగిలితే తిన్నగా కాలవలోకే పోయేది. (కాలవ గ్రౌండుకి ఒక పక్కనే ఉంది. నేను ఏ పక్కన నిలబడి కొట్టినా అటే పోయేది. అది కూడా ఒక విద్యే అనేవారు మావాళ్లు.) అంచేత నన్ను ఆటలోకి ఎవరూ రానిచ్చేవారు కాదు. నేను మాత్రం పెద్దగా బాధపడలేదు. రాజోలులో ఒక సెల్‌ఫోన్ల షాపులో కొత్తగా పనికి కుదిరాను, ఫోను అద్దానికి బుడగ రాకుండా గ్లాసు అంటించడంలో మా వీధి మొత్తానికి నన్ను మించినవాడు లేడు. ఫోనుతో కాని పని లోకంలో లేదని గట్టి నమ్మకం. ఆ వయసు ధీమా ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది. ఆ నవ్వు వెనకే గుండెలో కలుక్కుమంటుంది కూడా.

మా జట్టుకి కోచ్ మా మావయ్య, అంటే మా అమ్మకి అన్నగారు. ఆయన్ని ఎవరూ కోచ్‌గా పెట్టలేదు. గీత పక్కన నిలబడి అరిచే హక్కు ఆయన తన గొంతుతోనే సంపాదించుకున్నారు. పంచె పైకి ఎగ్గట్టి, గీత ఈ చివర్నుంచి ఆ చివరికి, ఆడేవాళ్లకన్నా ఎక్కువే పరిగెత్తేవారు. "ఒరేయ్, ఎనక్కి! ఒరేయ్ సన్నాసీ, బంతి నీకోసం పల్లకీ ఎక్కి వత్తదనుకున్నావా!" అని ఆయన కేకేస్తే కాలవ అవతల తోటలో కొబ్బరి దింపులు తీసేవాళ్లు కూడా ఓ క్షణం చెట్టుమీదే ఆగిపోయేవారు. జట్టులో ఎగిరి బంతిని బాదే షూటరు ఆయన సొంత కొడుకు. ఆ కొడుక్కే మా అక్కనిచ్చారు, మేనరికం. కాబట్టి ఆ మనిషి మావయ్యకి "ఒరేయ్", నాకు "బావగారూ". మా వైపు అక్క మొగుణ్ణి పేరు పెట్టి పిలవడం, ఒరేయ్ అనడం అంటే భోజనాల పంక్తిలోంచి మధ్యలో లేచిపోవడంలాంటిది. ఇది గుర్తుపెట్టుకుంటే తక్కిన కథ అదే అర్థమవుతుంది.

ఆ ఏడు చుట్టుపక్కల ఊళ్ల పోటీల్లో మావాళ్లు ఎలాగో ఫైనల్‌కొచ్చారు. అంతకుముందు ఎప్పుడూ సెమీస్‌లోనే ఓడిపోయి, దారిలో పుల్లైసు తింటూ ఇంటికొచ్చేసేవాళ్లు. ఫైనల్ అయిన వారంలోపే బావగారికి ఖతార్ ప్రయాణం. వీసా వచ్చేసింది, సూట్‌కేసు కూడా కొనేశారు. మావయ్యకి ఇంక ఒకటే కోరిక. "ఆడు కప్పు పట్టుకుంటం ఓసారి నా కళ్లతో చూత్తే చాల్రా. తరవాత ఆ ఎడారిలో ఏ బండి తోలుకుంటాడో తోలుకోమను," అనేవారు. సరిగ్గా అప్పుడే ఆయన గొంతు పట్టేసింది. అమలాపురంలో డాక్టరు చూసి, లోపల ఏవో కాయలు కాసాయనీ, ఇంక గట్టిగా అరిస్తే గొంతు పూర్తిగా పోతుందనీ చెప్పాడు. "మాట్లాడొచ్చాండి?" అని మావయ్య గుసగుసగా అడిగితే, "మాట్లాడండి, కోచింగ్ మాత్రం వద్దు," అన్నాడట. డాక్టరుకి ఈయన సంగతి ఎవరు చెప్పారో తెలీదు. మా అత్తయ్యే అయ్యుంటుంది.

అదిగో, అప్పుడు వచ్చాడు దోహా బాబాయి. మా నాన్నకి తమ్ముడు. దోహాలో ఏళ్ల తరబడి డ్రైవరుగా చేసి వచ్చినవాడు, ఏ మాట ఎత్తినా "అక్కడైతేనండీ" అని మొదలుపెట్టేవాడు. టీకొట్టు దగ్గర మావయ్యకి ఉపాయం చెప్పాడు. "అక్కడైతేనండీ బావగారూ, మా క్యాంపులో అమెరికావోళ్లు టీవీలో ఓ ఆట చూసేవోరండి. పేరుకి ఫుట్‌బాలే గానీ బంతి కోడిగుడ్డులా ఉంటది. సంకలో ఎట్టుకుని పరిగెడతారు. ఆళ్లకి ఆట చెప్పే పెద్దమనుషులుంటారండి. కొంతమంది పైన అద్దాల గదిలో కూకుని చెవిలో చెప్తారు, కొంతమంది కింద గీత పక్కనే నిలబడి చెప్తారు. ఏది మంచిదని ఆళ్లలో ఆళ్లకే పెద్ద తగువండి. మీరు పైన కూకోండి. మెల్లగా ఫోన్లో చెప్పండి. కిందనుంచి మావోడు అరుత్తాడు."

మావోడు అంటే నేను. మావయ్యకి ఏమాత్రం నచ్చలేదు. "పైనుంచి చూత్తే ఏం కనబడద్దయ్యా, నడినెత్తులా?" అన్నారు. "ఖాళీ కనబడద్దండి. అవతలోళ్లు ఎక్కడ లేరో కనబడద్ది," అన్నాడు బాబాయి. "ఆటంటే ఖాళీ కాదయ్యా, మొహం. ఎవడు బెదిరేడో, ఎవడికి ఆయాసం వత్తందో, ఎవడు లోపల ఏడుత్తన్నాడో మొహం చూత్తేనే తెలుత్తది. కిందుంటేనే తెలుత్తది." ఆ సాయంత్రానికి ఊరు రెండుగా చీలింది, మేడవాళ్లని కొందరు, గీతవాళ్లని కొందరు. టీకొట్టు ఆయనకి మాత్రం రెండు పార్టీల వల్లా లాభమే. నేను మేడ పార్టీ. అందులో ఫోనుందిగా మరి! తగువు తేల్చింది మాత్రం మా అత్తయ్య. "కిందుంటే ఈయన నోరు ఊరుకోదండి. మేడెక్కించెయ్యండి," అంది. అమెరికావాళ్ల తగువు ఇంకా నడుస్తోందేమో గానీ, మా ఊళ్లో అంతటితో అయిపోయింది.

గ్రౌండుని ఆనుకుని కొబ్బరికాయల కొట్టు ఉంది. దాని డాబా మీద ఎండుకొబ్బరి ఆరబోసి ఉంది. కొట్టాయన, "ఆయ్, కూర్చోండి, దానికేముంది. ఎలాగూ పైనున్నారు కాబట్టి కాకుల్ని కూడా కాస్త చూసుకోండి," అన్నారు. అలా మా మావయ్య ఒక చేత్తో ఫోను, ఇంకో చేత్తో వెదురుకర్ర పట్టుకుని మేడెక్కారు. నేను చెవిలో తీగ పెట్టుకుని, ఆయన నిలబడే చోటే గీత పక్కన నిలబడ్డాను. ఊరు ఊరంతా నన్నే చూస్తున్నట్టు అనిపించింది. (నా వెనక ఉన్న మైకు సెట్టుని చూస్తున్నారని తరవాత తెలిసింది.)

మొదటి గేము మొదలైన కాసేపటికే అసలు చిక్కేమిటో బయటపడింది. చెవిలో మావయ్య, "ఒరేయ్, ఆణ్ణి ఎనక్కి రమ్మను!" అన్నారు. నేను గొంతు సవరించుకుని, "బావగారూ, మావయ్య మిమ్మల్ని ఓ అడుగు వెనక్కి రమ్మంటున్నారండి," అన్నాను. నేను "అండి" దగ్గరికి వచ్చేసరికి బంతి బావగారి వెనక నేలమీద దొర్లుతోంది. బావగారు మర్యాదస్తుడు, పాపం. పాయింటు పోయినా నావైపు తిరిగి, "ఆయ్, అలాగేరా," అన్నారు. బంతి లేపి ఇచ్చే లిఫ్టరు నాకు వరసకి చిన్నాన్నగారు. ఆయనకి "తమరు కొంచెం ఎత్తుగా లేపితే బాగుంటుందంటున్నారండి" అని విన్నవించేలోగా ఇంకో పాయింటు పోయింది. పైనుంచి వచ్చే ఆజ్ఞలూ సవ్యంగా రావడం లేదు. "సర్వీసు కుడి మూలకి... హుష్... మూలకెయ్యమను... నీ దుంప తెగ, హుష్!" ఎవరి దుంప తెగాలన్నారో నేను తేల్చుకునేలోగా గేము పోయింది. అవతలి జట్టు కోచ్ గీత పక్కనే నిలబడి, వరసలూ వావులూ లేకుండా హాయిగా అరుచుకుంటున్నాడు. వాళ్ల జట్టులో ఎవరికీ ఎవరూ బావ కారేమో!

విరామంలో బావగారే వచ్చి భుజమ్మీద చెయ్యేశారు. "ఒరేయ్, నన్ను ఏమన్నా ఫర్వాలేదు. నాన్నెలా అంటే అలా అనెయ్. నాకు ఆ మాటే అలవాటు," అన్నారు. అనెయ్ అంటే నోరు రావద్దూ? అక్క ఎదురుగా ఆడవాళ్లలో కూర్చుని ఉంది. రెండో గేములో మూడు పాయింట్లు నోరు నొక్కుకునే పోగొట్టాను. ఇంక లాభం లేదని కళ్లు గట్టిగా మూసుకుని, చెవిలో పడింది పడ్డట్టు అరిచేశాను: "ఒరేయ్ గాడిదా, ఎనక్కి రారా!" అక్క లేచి నిలబడింది. బావగారు ఆ దెబ్బకి ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశారు. బంతి తిన్నగా వచ్చి ఆయన చేతుల్లో పడింది. ఆయన ఎగిరి కొట్టిన ఆ షాటుకి అవతలివాళ్లు కదల్లేదు కూడా. ఆ తరవాత నేను మా వంశంలో పెద్దలందర్నీ వరసగా తిట్టుకుంటూ పోయాను, మేము రెండో గేము గెలిచాం. మా చిన్నాన్నగారు ఆ తరవాత చాన్నాళ్లు నాతో సరిగా మాట్లాడలేదు గానీ, ఆ రోజు మాత్రం బంతి చక్కగా లేపారు.

మూడో గేము పీకులాటగా సాగింది. ఒక పాయింటు వాళ్లది, ఒకటి మాది. చీకటి పడేలా ఉంది. బావగారు బాగా అలిసిపోయారు, మోకాళ్లమీద చేతులు ఆనించి ఊపిరి పీల్చుకుంటున్నారు. చివరికి, ఇంకొక్క పాయింటు వస్తే కప్పు మాదే అన్న చోటికి వచ్చాం. మావయ్య ఏం చెబుతారా అని చెవి రిక్కించాను. ఆయన ఆట సంగతేం చెప్పలేదు. "ఒరేయ్, ఆడి మొహం కనబట్టం లేదురా ఇక్కణ్నుంచి," అన్నారు, అంతే. తరవాత చెవిలో మాట లేదు, కాకుల అరుపులు తప్ప. సర్వీసు చేస్తున్నారు. నాకేమో ఏం అరవాలో తెలియదు. ఏమైపోయారా అని తలెత్తి డాబాకేసి చూశాను. అక్కడ మనిషి లేడు. వెదురుకర్ర పిట్టగోడకి ఆనించి ఉంది. కాకులన్నీ దర్జాగా కొబ్బరి మీద వాలి ఉన్నాయి. అప్పుడు నా వెనక గ్రౌండంతా ఒక్కసారి హోరెత్తింది.

గెలిచామని కేకల్ని బట్టి తెలిసింది. అందరూ లోపలికి పరిగెడుతుంటే నేను కొట్టు వైపు పరిగెత్తాను. మెట్లు లోపల, కాయల రాశుల మధ్యనుంచి ఉంటాయి, ఒక్క కిటికీ కూడా లేదు. మావయ్య కింది మెట్టుమీద, గోడ పట్టుకుని, పంచె చేత్తో ఎత్తిపట్టుకుని ఆగిపోయి ఉన్నారు. "అయిపోయిందేంట్రా?" అన్నారు. "గెలిచేం మావయ్యా!" అన్నాను. "ఎవురు కొట్టేరు? ఆడేనా? ఎలా కొట్టేడు?" "నేనూ చూళ్లేదు మావయ్యా. మీకేసి చూత్తన్నాను," అన్నాను. ఆయన ఆ మెట్టు మీదే కూలబడ్డారు. నేనూ పక్కనే కూర్చున్నాను. అంత జనంలో ఆ పాయింటు చూడనివాళ్లం మేమిద్దరమే, ఆట చెప్పినవాళ్లం. బయట డప్పులు మొదలయ్యాయి. మావయ్య భుజాలు కదులుతున్నాయి. నవ్వుతున్నారనుకుని నేనూ నవ్వాను. తరవాత చూస్తే కండువాతో కళ్లు తుడుచుకుంటున్నారు.

కప్పు పట్టుకుని బావగారు ఆ మెట్ల దగ్గరికే వచ్చారు. "చూసేవా నాన్నా?" అన్నారు. మావయ్య, "ఆయ్, చూసేన్రా," అన్నారు. పట్టిపట్టి చూస్తున్నట్టు కొడుకు మొహమే చూస్తూ అన్నారు. నేను తల వంచుకున్నాను. ఆ వారంలో బావగారు వెళ్లిపోయారు. ఒకరి వెనక ఒకరు జట్టులో చాలామంది దోహాకో కువైట్‌కో చేరారు. సెలవులకి వచ్చినా అందరూ ఒకసారి కలిసింది లేదు. బావగారికి బండి తోలి తోలి నడుము పట్టేసింది, మళ్లీ బంతి ముట్టలేదు. కప్పు తెచ్చిన ఆ పాయింటే ఆయన ఆడిన ఆఖరి షాటు. దాన్ని మావయ్య చూడలేదు. మేడెక్కమనడంలో ఎవరి తప్పూ లేదని నాకు తెలుసు. డాక్టరూ అత్తయ్యా ఆయన మంచికే చెప్పారు. కానీ ఆ గొంతు ఆ తరవాత ఎలాగూ పోయింది, జబ్బు ముదిరి ఆపరేషన్ చేసి తీసేశారు. పోయేదేదో కొడుకు ఆట దగ్గరే అరిచి పోగొట్టుకుని ఉంటే ఎంత బాగుండేదని ఇప్పటికీ నా మనసు పీకుతుంది.

మాట పోయాక ఆయన దగ్గర కూర్చుని ఫోన్లో వాలీబాల్ మ్యాచులు పెట్టేవాణ్ణి. చూస్తూ చూస్తూ ఆయన చెయ్యి విసురుగా వెనక్కి ఊపేవారు. నాకు వెంటనే అర్థమయ్యేది. "బావగారూ, మావయ్య మిమ్మల్ని వెనక్కి రమ్మంటున్నారండి," అని తెరమీద ఎవరో పరాయి దేశంవాడికి విన్నవించేవాణ్ణి. మావయ్య చప్పుడు లేకుండా పొట్ట పట్టుకుని నవ్వేవారు. ఆయన పోయి కొంతకాలమైంది. నాకూ జుట్టు నెరిసింది, అయినా మ్యాచి వస్తే టీవీ ముందు కూర్చుని అలా అరుస్తూనే ఉంటాను. మా ఆవిడ వంటింట్లోంచి, "ఎవర్నండీ వెనక్కి రమ్మంటున్నారు?" అంటుంది.

"ఏమో. మావయ్య చెప్పమన్నారు," అంటాను.