సలాలా పొగమంచులో పెద్దమ్మ మాత్రలు

మా పెద్దమ్మకు నడుములో నరం నొక్కుకుపోయి చాలా కాలమైంది. హైదరాబాద్‌లో ఆమె చూపించుకునే ఆయుర్వేద వైద్యుడు రాత్రి భోజనం తర్వాత ఒక మాత్ర వేసుకోమని రాసిచ్చాడు. గంజాయి ఆకు సారంతో చేసిన మాత్ర. లైసెన్సు ఉన్నవాళ్లు తయారుచేసి, వైద్యుడి చీటీ మీద అమ్మితే మన దగ్గర అది చట్టబద్ధమైన మందే. దాంతోనే ఆమెకు నిద్ర పట్టేది. వానాకాలంలో ఒమన్ దక్షిణాన సలాలా ఊరి చుట్టూ కొండలు పచ్చబడతాయనీ, రోజంతా పొగమంచు కమ్ముకుని ఉంటుందనీ ఎవరో వీడియో చూపిస్తే, "మంచాన పడకముందే అది చూసెయ్యాలే బుజ్జీ" అంది. నేను పుస్తకాల్లో తప్ప ఎక్కడికీ పోనిదాన్ని. అయినా సరేనన్నాను.

బయలుదేరే ముందు నియమాలన్నీ చదివాను. ఒమన్‌లో ఆ మాత్ర దగ్గరుంటే జైలే, మన చీటీ అక్కడ చెల్లదు. పెద్దమ్మకు రెండుసార్లు చెప్పాను. ఆమె మాత్రల అట్టలు నా చేతికిచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేశాను.

మస్కట్‌లో దిగి, అక్కడి రూవి పేటలో ఉండే మా అన్నయ్య గదిలో ఒక రాత్రి పడుకున్నాం. అన్నయ్యకు సెలవు దొరకక, తనకు తెలిసిన టూరిస్టు కంపెనీలో కారు మాట్లాడిపెట్టాడు. డ్రైవర్ రాజేశం జగిత్యాల వైపు మనిషి. మస్కట్ నుంచి సలాలాకు దాదాపు వెయ్యి కిలోమీటర్లు. తెల్లవారుజామున బయలుదేరితే ఒక్క రోజులో చేరవచ్చు కానీ, పెద్దమ్మ నడుము కోసం దారి మధ్యలో హైమా అనే చిన్న ఊళ్లో ఆగి, మర్నాడు వెళ్లాం. అక్కడ గది పదిహేను రియాళ్లు. పెట్రోలు బంకు కనిపించిన ప్రతిచోటా నింపుకోండి. ఆ దారిలో మనుషుల కన్నా ఒంటెలే ఎక్కువ.

రెండో రోజు పొద్దున్న తుమ్రైత్ అనే ఊళ్లో పరాటాలు తిని, టీ తాగాం. పెద్దమ్మ తన సోంపు డబ్బా తీసి నోట్లో ఏదో వేసుకుంది. కొండ దిగే ముందు పోలీసు చెక్‌పోస్టు దగ్గర ఒక యువకుడు మా పాస్‌పోర్టులు చూసి, పెద్దమ్మకు సలాం చెప్పి పంపేశాడు. డబ్బా ఆమె ఒళ్లోనే ఉంది.

ఆ తర్వాత ఎండ ఆగిపోయింది. అంతకంటే వేరే మాట నాకు తెలియదు. ఒక మలుపు వరకు ఎడారి, మలుపు తిరిగాక తెల్లటి గోడ. దీపాలు వేసుకుని నడక వేగంతో పోయాం. అద్దం ముందు హఠాత్తుగా ఒంటె మొహం వచ్చేది, అడుగుల చప్పుడైనా లేకుండా మళ్లీ తెల్లదనంలో కలిసిపోయేది.

"గివి మనల్ని చూస్తలెవ్వు చెల్లె. మన ఎన్కసీట్ల ఎవలున్నరో చూస్తున్నయ్" అన్నాడు రాజేశం.

"నన్నే చూస్తున్నాయి బాబూ. నాకూ వాటికీ ఒకటే మూపురం" అంది పెద్దమ్మ. ముగ్గురం నవ్వుకున్నాం.

మధ్యాహ్నానికి సలాలా పక్కనే ఉన్న ఇత్తీన్ కొండ మీద ఆగాం. కారు దిగడానికి ఎప్పుడూ నా భుజం పట్టుకునే పెద్దమ్మ, ఆ రోజు తనంతట తానే దిగింది. చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని తడి గడ్డి మీద వాలు ఎక్కేసింది. నొప్పి లేదు. మొహం మీద పిల్లల నవ్వు. సంతోషించాల్సింది పోయి నాకు భయమేసింది. నాలుగడుగుల్లో ఆమె మాయమైంది.

గొంతు మాత్రం వినిపించింది. "వస్తున్నా, ఉండండి. చెప్పులు జారుతున్నాయి."

పరుగెత్తాను. ఒక బండ మీద కూర్చుని ఉంది. కళ్లు ఎర్రగా, పెదవులు ఎండిపోయి. గుండె చేతికి తెలిసేంత వేగంగా కొట్టుకుంటోంది.

"ఎవరితో మాట్లాడుతున్నావు పెద్దమ్మా?"

"మీతోనేగా. నలుగురం వచ్చాం కదే?"

మేం ముగ్గురమే. సోంపు డబ్బా లాక్కుని మూత తీశాను. సోంపు కింద ఆకుపచ్చ మాత్రలు.

మా ఇంట్లో ఆడవాళ్లందరూ అంతే. మాత్రల్ని అట్టలోంచి విడదీసి చేతికందే డబ్బాలో పోసుకుంటారు. నాకిచ్చిన అట్టలు సగం ఖాళీవి, వాడేసినవే అనుకున్నాను. "డాక్టరు రాసిచ్చిన మందు గంజాయెలా అవుతుందే? అది తాగుబోతులది" అంది నాలుక తడబడుతూ. పొద్దున్న ఒకటి వేసుకుందట. గంటైనా నొప్పి తగ్గలేదని ఇంకో రెండు వేసుకుందట. మింగే మందు ఆలస్యంగా ఎక్కుతుందని, అది చాలక మళ్లీ వేసుకుంటేనే ప్రమాదమని వైద్యుడు ఆమెకు నా ఎదుటే చెప్పాడు.

రాజేశం వెనకే వచ్చి అంతా విన్నాడు.

"చెక్‌పోస్టు కాడ గా డబ్బ బండ్లనే ఉన్నదా?"

తలూపాను.

"మా రూమ్‌ల ఒకడుండె. ఊరి నుంచి ఎవలో పచ్చడి డబ్బా పంపిండ్రు. అండ్ల ఏమున్నదో ఆనికే తెల్వది. ఇప్పటికీ జైల్లనే ఉన్నడు. నాకు ఇద్దరు ఆడివిల్లలు, చెల్లె."

కొండ మీది మరుగుదొడ్డిలో మాత్రలు పారేసి, డబ్బా కడిగాను. పెద్దమ్మను పట్టుకుని కారు దగ్గరికి వచ్చేసరికి రాజేశం ఫోను లైటు వేసుకుని సీటు సందుల్లో వేళ్లు పెట్టి వెతుకుతున్నాడు, ఒక్కటైనా జారిపడిందేమోనని. ఆమె తల నా భుజం మీద వాలిపోతోంది.

"అన్నా, మేం వేరే బండి చూసుకుంటాం. మీరు వెళ్లిపోండి."

"గీ మంచుల బండెక్కడ దొరుకుతది? ఎక్కుండ్రి. దవఖానకు పోదాం."

"ఆసుపత్రిలో అడిగితే నిజమే చెప్తాను."

"చెప్పు. గామె పానం వొయినంక ఏం జేస్తం?"

ఆసుపత్రి గేటు ముందు కారు ఆగింది. దారంతా నేను చేస్తూ వస్తే, హైదరాబాద్ వైద్యుడు అప్పటికి ఫోనెత్తాడు. పిలిస్తే పలుకుతోందా, ఊపిరి సరిగ్గా ఉందా, ఛాతీలో నొప్పుందా అని అడిగాడు. పలుకుతోంది, నొప్పి లేదు. పక్కకు తిప్పి పడుకోబెట్టమన్నాడు, గుక్కగుక్కగా నీళ్లు పట్టమన్నాడు, ఒంటరిగా వదలొద్దన్నాడు. లేపితే లేవకపోయినా, గుండె దడ తగ్గకపోయినా ఆ క్షణమే లోపలికి తీసుకెళ్లమన్నాడు. అక్కడే కూర్చున్నాం. కిటికీల చుట్టూ తెలుపు, వైపరు చప్పుడు. కాసేపటికోసారి "పెద్దమ్మా" అని పిలిచేదాన్ని. ఆమె పలికేది. ఒక్కోసారి నాకు కాదు, నా పక్కన ఖాళీగా ఉన్న చోటుకు బదులిచ్చేది. రాజేశం అద్దంలోంచి ఆ చోటు వైపు చూసి చూపు తిప్పుకునేవాడు.

సాయంత్రానికి గుండె దడ నెమ్మదించింది. పెద్దమ్మ లేచి కూర్చుని, "టీ ఏదే?" అంది. రాజేశం స్టీరింగు మీద తల ఆనించాడు.

హోటలు ముందు మా సామాను దింపాడు. సీటు కవర్లు కూడా ఉతకడానికి విప్పి డిక్కీలో వేశాడు. పెద్దమ్మ చేతులు జోడిస్తే, "తప్పు పెద్దమ్మా, మీరు పెద్దోళ్లు" అని ఆమె చేతులు దించాడు. తర్వాత నావైపు తిరిగి, "మస్కట్‌కు బస్సున్నది చెల్లె. మంచిగుంటది. నా బండ్ల మాత్రం మిమ్ముల తీస్కపోను" అన్నాడు. కోపంగా అనలేదు.

మూడు రోజుల తర్వాత బస్సులోనే తిరిగొచ్చాం. మనిషికి ఎనిమిది రియాళ్లు, పన్నెండు గంటలు. నడుము నొప్పితో పెద్దమ్మ దారంతా నిలబడీ కూర్చునీ వచ్చింది, ఒక్కసారి కూడా అయ్యో అనలేదు. ఇప్పుడు ఇంట్లో మళ్లీ ఆ మాత్రే వేసుకుంటోంది. రాత్రి ఒక్కటే, అట్టలోంచే, నా ఎదుటే. వేసుకున్నాక పొయ్యి దగ్గరికీ మెట్ల దగ్గరికీ పోదు. ఆమె నొప్పి నిజం, ఆ మందు మేలు చేయడమూ నిజం. కానీ ఒక దేశంలో మందైనది సరిహద్దు దాటితే ఇంకొకరి జీవితాన్ని తీసుకుపోగలదు, ఆ ఇంకొకరి పేరు కూడా మనకు సరిగ్గా తెలియకపోవచ్చు. కొండ మీద నాలుగోవారెవరో పెద్దమ్మ చెప్పలేదు, నేనూ అడగలేదు.

ఒక సలహా: ఇలాంటి మందు వాడేవారితో గల్ఫ్‌కు వెళ్తుంటే, నెల ముందే వైద్యుడిని కలిసి అక్కడ అనుమతి ఉన్న మందు రాయించుకోండి. బయలుదేరే రోజు సంచిలోని ప్రతి డబ్బా మూత మీ చేత్తో తీసి, అడుగు దాకా చూడండి.