తిరిగి రానున్నవాడి రాయి

ఇందులో ప్రతి మాటా నిజం. ఒక్కటి అబద్ధమైనా రేపు నా ఉలి నా వేలి మీదే దిగాలి.

కరోనా సద్దుమణిగిన ఏడాది. మా దీవిలో డెలానీపూర్ అనే పేటలో సమాధి రాళ్ల మీద పేర్లు చెక్కే దుకాణం నాది. మిన్నీ బే నుంచి మరియమ్మ వచ్చింది. ఆమె భర్త జోజప్ప హాడో రేవులో లాంచీ ఖలాసీ. సెలవు రోజు చిన్న డింగీ పడవ వేసుకుని చేపలకు వెళ్లి మళ్లీ రాలేదు. శవం దొరకలేదు. చర్చి వాళ్లు ఖాళీ జాగాలో ఒక రాయి పెట్టుకోనిచ్చారు.

"చనిపోయాడని మాత్రం చెక్కకు భయ్యా. నేనే చంపినట్టుంటాది," అంది.

సెమినరీ చదువు మధ్యలో మానేసిన మాస్టారొకరు మా వీధిలో ఉండేవారు. లాటిన్‌లో ఏదైనా మాట చెప్పమన్నాను.

"'రెడిటూరుస్' అని చెక్కు. తిరిగి రానున్నవాడు అని. మనం 'వచ్చిన, వస్తున్న, రాబోయే' అంటామే, ఆ బాపతు. క్రియలోంచి పుట్టి మనిషికి విశేషణమవుతుంది. మగవాడు గనక చివర 'ఉస్'. ఆడమనిషైతే 'రెడిటూరా'."

"వస్తాడని గ్యారంటీయా మాస్టారూ?"

"వ్యాకరణం గ్యారంటీ ఇవ్వదురా. రాబోతున్నాడంటుంది, అంతే."

మా పనిలో ముందు రాతి మీద రంగుతో రాసి చూపిస్తాం. దాన్ని ప్రూఫ్ అంటాం. వాళ్లు సరేనన్నాకే ఉలి పట్టడం. మరియమ్మ తడి అక్షరాలకు తగలకుండా గాల్లోనే వేలు నడిపింది. అర్థం చెప్పాను.

"అంత చదువుకున్నోళ్లు ఉత్తినే చెప్పరు కదా," అంది చివరికి.

ఏడాది తిరిగేసరికి భర్త ఉద్యోగం ఆమెకిస్తామని ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఆయన లేడని ఒప్పుకుంటూ సంతకం చెయ్యాలి. ఆమె చెయ్యలేదు. నేనే వెళ్లి బతిమాలాను.

"పెట్టు దీదీ. రాయి రాయే, కడుపు కడుపే."

"వస్తాడని చెక్కిన చేత్తోనే రాడని సంతకం పెట్టిస్తావా భయ్యా?"

గడువు దాటిపోయింది. ఇప్పుడు నాలుగిళ్లలో అంట్లు తోముతోంది. ఎదురుపడితే నవ్వుతుంది. అది ఇంకా కష్టం.

రంగైతే గుడ్డతో తుడిచెయ్యొచ్చు, చెక్కినదాన్ని తుడవలేం. ఎదుటివాళ్ల దుఃఖం మీద మన తెలివి చెక్కకూడదని ఈ పనిలో ఆలస్యంగా నేర్చుకున్నాను.

ఇందాక చెప్పినదాంట్లో నేను కల్పించిన ముక్క ఒకటుంది. మరియమ్మ చనిపోయాడని చెక్కొద్దనలేదు. "చనిపోయాడనే చెక్కు భయ్యా, నాకిక దారి చూసే ఓపిక లేదు," అంది. అంతకన్నా మంచి మాట తెచ్చిపెడతానని నచ్చజెప్పింది నేనే.