మూడు నిమిషాలు, అర మైలు

ఈ ఉదయం ఇడ్లీ పాత్ర స్టవ్ మీద పెట్టి, కోడి మెడ తిప్పి వదిలాను. నిజం కోడి కాదు లెండి, పసుపురంగు ప్లాస్టిక్ కోడి, వంటింటి టైమర్. మెడ ఎంత తిప్పితే అన్ని నిమిషాలు టకటకమంటూ వెనక్కి వచ్చి, చివర్న గణగణా మోగుతుంది. అది మోగేసరికి నేను ఫోన్‌లో మా చెల్లెలితో మాట్లాడుతున్నాను. మాట మధ్యలోనే టక్కున ఆగిపోయాను. "ఏమైందక్కా, లైన్ కట్టయిందా?" అంది అది. ఏం చెప్పను? కోడి మోగితే నా నోరు మూతపడుతుంది. పన్నెండేళ్ళ జబ్బు. ఆ జబ్బు నాకు అంటించింది ఒక డాక్టరు గారే. ఆవిడ కోడిగుడ్డు వాసన కూడా పడని శాకాహారి. "నేను మెడ తిప్పగలిగిన కోడి ఇదొక్కటేనే" అనేవారు.

ఆవిడ నేర్పిన పద్ధతిలో అసలు విషయం ముందే చెప్పేస్తాను. న్యూజెర్సీలో, పార్సిప్పనీకి కాస్త ఇవతల ఉన్న మా చిన్న ఊళ్ళో, మా అపార్ట్‌మెంట్ల నుంచి లైబ్రరీ దాకా అర మైలు సైడ్‌వాక్, అంటే కాలిబాట, ఉంది. అది ఆ డాక్టరు గారు, రాజ్యలక్ష్మి ఆంటీ వల్ల వచ్చింది.

మా ఊరు ఒక వాలు మీద ఉంటుంది. పైన మేపుల్ చెట్ల కింద సొంత ఇళ్ళు, కింద మా అపార్ట్‌మెంట్లు. పైవాళ్ళు ఎప్పటినుంచో ఉన్న ఇటాలియన్ కుటుంబాలు, డెబ్బైల్లో వచ్చి స్థిరపడ్డ మన డాక్టర్లు, ఇంజనీర్లు. కిందివాళ్ళం మేము, ప్రాజెక్ట్ ఎక్కడుంటే అక్కడికి నాలుగు సూట్‌కేసులతో దిగిపోయే సాఫ్ట్‌వేర్ కన్సల్టెంట్ల సంసారాలు. సాయంత్రం ఆరింటికి మా మెట్లెక్కుతుంటే ఏ అంతస్తులో పులిహోరో, ఏ అంతస్తులో పచ్చిపులుసో కళ్ళు మూసుకుని చెప్పొచ్చు. లైబ్రరీ, పార్కు, పోస్టాఫీసు అన్నీ పైనే. పైకీ కిందికీ మధ్య ఒకటే రోడ్డు. రోడ్డు అంచున తెల్లగీత, గీత అవతల జానెడు గులకరాళ్ళు, ఆపైన ఎవరిదో లాన్. ఈ దారిన మనుషులు నడుస్తారన్న సంగతి ఆ రోడ్డు వేసినవాళ్ళకు తోచినట్టు లేదు.

నడిచేదాన్ని నేను. నాది భర్త వెంట వచ్చినవాళ్ళకిచ్చే హెచ్-ఫోర్ వీసా, ఉద్యోగం చేయకూడదు. ఉన్న ఒక్క కారూ మా ఆయన శ్రీధర్ ఆఫీస్‌కి తీసుకుపోతాడు. పాపకు ఏడాదిన్నర. నాలుగు గోడలూ చూసి చూసి పిచ్చెక్కి, వారానికి మూడు రోజులు పాపను స్ట్రోలర్ బండిలో కూర్చోబెట్టి తోసుకుంటూ లైబ్రరీలో పిల్లలకు కథలు చెప్పే గంటకు పోయేదాన్ని. పక్కనుంచి ట్రక్కు పోతే నా చున్నీ, పాప టోపీ రెండూ ఎగిరేవి. ఓ రోజు అలా టోపీ కోసం వెనక్కి పరిగెత్తి వచ్చేసరికి, ఒక బూడిదరంగు కారు ఆగి ఉంది. కిటికీ అద్దం దిగింది. నెరిసిన జుట్టు, పెద్ద బొట్టు.

"ఏమ్మా, తెలుగమ్మాయివేనా?"

"అవునాంటీ."

"పసిపిల్లని పెట్టుకుని ఈ రోడ్డు మీదా? బుర్రుందా అసలు? ఎక్కు."

"కార్‌సీట్ లేదాంటీ."

పిల్లల్ని కట్టి కూర్చోబెట్టే ఆ సీటు లేకుండా చంటిపిల్లను కారెక్కించకూడదు. డాక్టరుగా ఆవిడకు ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. కాసేపు స్టీరింగు మీద వేళ్ళతో కొట్టుకుని, "సరే, నువ్వు నడువు" అన్నారు. హజార్డ్ లైట్లు వేశారు. నేను ముందు స్ట్రోలర్ తోసుకుంటూ, ఆవిడ నా వెనకాల నా నడక వేగంతో కారులో. ఆవిడ వెనక కార్లు బారుతీరాయి. హారన్లు మొదలయ్యాయి. ఆవిడ కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి, ఆగండాగండి అన్నట్టు ఊపుతూనే ఉన్నారు. లైబ్రరీ చేరేసరికి మా వెనక పదిహేను కార్ల ఊరేగింపు. సిగ్గుతో నేను చచ్చిపోయాను. ఆవిడ మాత్రం మగపెళ్ళివారిని విడిదికి చేర్చిన పెద్దమనిషిలా దర్జాగా కారు దిగారు.

"మళ్ళీ ఎప్పుడొస్తావు?"

"ఎల్లుండి ఆంటీ."

"ఎల్లుండి కూడా ఊరేగిద్దాం. కానీ ఎన్నాళ్ళని? ఊరివాళ్ళనే అడుగుదాం."

నెలకు రెండు మంగళవారాలు, సాయంత్రం ఏడింటికి టౌన్‌హాల్‌లో మీటింగు ఉంటుంది. ఎవరైనా లేచి మాట్లాడవచ్చు, మనిషికి మూడు నిమిషాలు. అన్నేళ్ళుగా ఆ ఊళ్ళో ఉన్నా ఆంటీ ఎన్నడూ ఆ గుమ్మం తొక్కలేదట. అయినా బెదురేమీ లేదు. మన తెలుగు సభల్లో ఆవిడ మైకు పట్టుకుంటే జనం కాఫీకి కూడా లేచేవారు కాదు. ఆ వచ్చే మంగళవారం గద్వాల చీర కట్టుకుని, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళి, మైకు ముందు రెండు చేతులూ జోడించారు. మేయరు గారికి నమస్కారం. కౌన్సిల్ సభ్యులు ఐదుగురికీ పేరుపేరునా నమస్కారం. రాసుకుంటున్న క్లర్కుకు, మూల నిలబడ్డ ఫైర్ ఆఫీసరుకు, తలుపు తీసి పట్టుకున్న అమ్మాయికి. ఇంతటి చక్కని ఊళ్ళో ఉండటం తన అదృష్టమన్నారు. తాను వచ్చిన కొత్తలో ఇక్కడ యాపిల్ తోట ఉండేదన్నారు. ఆ యాపిల్ పళ్ళ రుచి గురించి రెండు మాటలు చెప్పారు. ఇక అసలు విషయానికి వస్తే, అన్నారో లేదో ఎర్రలైటు వెలిగి బజర్ మోగింది. హాలంతా చప్పట్లు. ఇంత మర్యాదగా మాట్లాడినవాళ్ళను ఈమధ్య చూడలేదని మేయరు మురిసిపోయాడు. ఆవిడకు ఏం కావాలో మాత్రం ఒక్కరికీ తెలియదు.

పార్కింగ్‌లోకి వచ్చి ఇద్దరం కారెక్కాం. ఆవిడ నవ్వడం మొదలుపెట్టారు. కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వు.

"జన్మంతా ఆస్పత్రి ఎమర్జెన్సీలో పనిచేశానే. వచ్చినవాడు ఎక్కడ నొప్పో చెప్పకుండా నా చీర బాగుంది, నా గది బాగుంది అంటూ కూర్చుంటే ఏం చేసేదాన్ని? బయటికి నెట్టేసేదాన్ని. వీళ్ళెవరో మంచివాళ్ళు, చప్పట్లు కొట్టి పంపారు." నవ్వు ఆగాక నా వైపు తిరిగారు. "వచ్చేసారి నువ్వు మాట్లాడు."

"నేనా? నాకు రాదాంటీ."

"నొప్పి నీది. నేను కార్లో తిరిగేదాన్ని. నడిచేవాళ్ళే చెప్పాలి."

ఇంటికెళ్ళి చెబితే శ్రీధర్ కంగారుపడ్డాడు. "మనకెందుకీ లొల్లి? వీసా మీదున్నోళ్లం. గ్రీన్‌కార్డ్ ప్రాసెస్‌ల ఉంది. రేపేమన్న అయితే?" నిజానికి నా భయమూ అదే. ప్రాజెక్ట్ అయిపోయిన మర్నాడే సామాను సర్దుకుని పోవాల్సినవాళ్ళం. అద్దెకున్నవాళ్ళం వెళ్ళి సొంత ఇళ్ళవాళ్ళను అది కావాలి, ఇది కావాలి అని అడగడమేమిటి? ఆ మాటే అంటే ఆంటీ విసుక్కున్నారు. "ట్రక్కు నీ వీసా చూసి గుద్దుతుందిటే? ఊరుకుని కోడి మెడ తిప్పు."

కోడి మా ఇంటికి వచ్చింది అప్పుడే. రెండు వారాల పాటు, పాప పడుకున్న మధ్యాహ్నం పూట ఆవిడ వచ్చి, కోడిని డైనింగ్ టేబుల్ మీద పెట్టి, మూడు నిమిషాలకు తిప్పేవారు. ఎన్నిసార్లు మొదలుపెట్టినా నా నోట్లోంచి ముందు మేయరు గారే వచ్చేవారు. హనుమకొండ బళ్ళో ఉపన్యాసమంటే సభాధ్యక్షులతోనే మొదలుపెట్టాలని నేర్పారు మరి. ఆంటీ టేబుల్ మీద గరిటెతో కొట్టేవారు. "దండాలు ఆఖర్న. ముందు నొప్పి చెప్పు. టైము మిగిలితే అప్పుడు పెట్టుకో దండం." పదోసారికో, పన్నెండోసారికో మేయరు గారు నా నోటిని వదిలారు.

ఆ మంగళవారం శ్రీధర్ కూడా వచ్చాడు. పాపను ఎత్తుకుని చివరి వరసలో, తలుపు పక్కన కూర్చున్నాడు, అవసరమైతే పారిపోవడానికి వీలుగా. నేను మైకు దగ్గరికి వెళ్ళాను. "నా కూతురికి ఏడాదిన్నర. దాన్ని తోసుకుంటూ నేను మన రోడ్డు మీద తెల్లగీత వెంట నడుస్తాను. ఒక పక్క ట్రక్కులు, ఒక పక్క రాళ్ళు. మాకు నడిచే చోటు కావాలి" అని నాకొచ్చిన ఇంగ్లీషులో చెప్పాను. టోపీ సంగతి చెప్పాను. చెప్పాల్సినదంతా అయ్యాక చూస్తే ఇంకా నలభై సెకన్లు ఉంది. ఏం చేయాలో తోచక దండాలన్నీ వరసగా పెట్టేశాను, మేయరు నుంచి క్లర్కు దాకా. పోయినసారి మీటింగు గుర్తొచ్చి హాలంతా నవ్వింది.

ఆ నవ్వు ఎంతోసేపు నిలవలేదు. ఆ రోడ్డు మీదే ఇల్లున్న ఒక అమెరికన్ పెద్దాయన లేచాడు. నెమ్మదస్తుడే. సైడ్‌వాక్ వేస్తే ఒక్కొక్కరి లాన్‌లో ఐదడుగులు పోతుందని, మంచు పడ్డప్పుడల్లా ఎవరి ఇంటి ముందు వాళ్ళే తవ్వి తీయాలని, తనకు డెబ్బై దాటాయని చెప్పాడు. "అడిగేవాళ్ళు అద్దెకుంటారు. తవ్వేది మేము" అన్నాడు. చాలామంది తలలూపారు. అందులో అబద్ధమేమీ లేదు. నాకు ముఖం చెల్లలేదు. అయిపోయింది, సైడ్‌వాక్ ఇక రాదనుకున్నాను.

అప్పుడు ఆంటీ లేచారు. మళ్ళీ మేయరు గారితో మొదలుపెడతారేమోనని భయపడ్డాను. ఆవిడ మైకు దగ్గరికి వెళ్ళి, "ఆ రోడ్డులో పద్నాలుగో నంబరు ఇల్లు నాది. తవ్వకం నా లాన్ నుంచి మొదలుపెట్టండి" అన్నారు. అంతే. ఆవిడ జీవితంలో అంత చిన్న ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆవిడ ఇల్లు ఆ రోడ్డు మీదేనని నాకు తెలుసు. ఆ ఇంట్లో గోంగూర పప్పు తిన్నదాన్ని. ఎండ బాగా తగులుతుందని ఏటా గోంగూర మడి రోడ్డువైపే వేసేవారు. మా కోసం అడుగుతున్నదల్లా ఆ మడి మీదికే వస్తుందని మాత్రం నా బుర్రకు తట్టలేదు. ఆవిడకు మొదటిరోజే తెలుసు.

పెద్దాయన ఆవిడను తేరిపార చూశాడు. "మరి మీ మంచు ఎవరు తవ్వుతారు, డాక్టర్?"

చివరి వరసలోంచి ఒక గొంతు వినిపించింది. "నేను తవ్వుతా. మీది కూడా తవ్వుతా." తిరిగి చూస్తే శ్రీధర్, పాపను చంకన వేసుకుని నిలబడి ఉన్నాడు. ఆయన చెవులు ఎర్రబడ్డాయి. నన్ను కట్టుకున్నాక ఆయన నలుగురిలో నోరు విప్పడం అదే మొదటిసారి.

కొలతలు, కాగితాలు, సంతకాలు అయ్యేసరికి రెండేళ్ళు పట్టింది. మొదటి మంచుకు మా బిల్డింగ్ నుంచి ఆరుగురు కన్సల్టెంట్లు పారలు పట్టుకుని పైకి వెళ్ళారు. ఒక్కడికీ పార పట్టడం రాదు. ఆ పెద్దాయనే కోటు వేసుకుని బయటికొచ్చి, నడుము పట్టకుండా ఎలా వంగాలో దగ్గరుండి నేర్పాడు. ఆంటీ గోంగూర కుండీల్లోకి మారింది. తర్వాత చూపు మందగించి కారు నడపడం మానేశాక, రోజూ సాయంత్రం ఆవిడ ఆ సైడ్‌వాక్ మీదే లైబ్రరీకి నడిచేవారు. "నీకోసమే అడిగాననుకున్నావు కదూ, పిచ్చిదానా" అనేవారు నా చెయ్యి పట్టుకుని.

పోయిన ఏడాది ఆవిడ వెళ్ళిపోయారు. సంతాపసభలో మనవాళ్ళు ఎప్పటిలాగే వేదిక మీది పెద్దలందరికీ పేరుపేరునా నమస్కరించి, తీరిగ్గా మాట్లాడారు. నా వంతు వచ్చింది. నొప్పి ముందు చెప్పాలి కదా. "ఆంటీ లేకపోతే నాకేం బాగోలేదు" అన్నాను. ఆ తర్వాత మూడు నిమిషాలూ అలా నిలబడే గడిపి, వచ్చి కూర్చున్నాను. దండం పెట్టనే లేదు.

మా పాపకిప్పుడు పద్నాలుగేళ్ళు. ఇడ్లీ తినేసి, "అమ్మా, ఐ యామ్ గోయింగ్, లైబ్రరీకి వాక్ చేస్తాను" అంటూ ఇందాకే చెవుల్లో పాటలు పెట్టుకుని వెళ్ళింది. కిటికీలోంచి చూస్తే రోడ్డు వైపు తలెత్తి కూడా చూడకుండా, ఫోన్ చూసుకుంటూ సైడ్‌వాక్ మీద పోతోంది. నేను చెప్పాల్సింది అయిపోయింది, ఇంకా కాస్త టైము మిగిలే ఉంది. కనుక, ఆనాడు హారన్లు కొట్టినా మమ్మల్ని దాటిపోని పదిహేను కార్లవాళ్ళకు నమస్కారం. మేయరు గారికి, క్లర్కు గారికి, పార పట్టడం నేర్పిన పెద్దాయనకు నమస్కారం. ఆఖర్న, అందరికంటే ఆఖర్న, రాజ్యలక్ష్మి ఆంటీ, మీకు దండం.