బస్సులో విప్పిన ఎర్రగుడ్డ

మా అమ్మాయి డిజైన్ కోర్సులో చేరినప్పటి నుంచి మా రాయపూర్ ఇంట్లో దుప్పట్లు, కర్టెన్లు ప్రాణభయంతో బతుకుతున్నాయి. బస్సుల్లో వేధించేవాళ్లను అమ్మాయిలు ఎదిరించడానికని అది ఒక ఎర్రగుడ్డ తయారుచేసింది. విసనకర్రలా మడిచి సంచిలో పెట్టుకోవచ్చు. విప్పితే ‘ఇతను నన్ను తాకుతున్నాడు’ అని హిందీలో గుమ్మడికాయలంత అక్షరాలు!

ఓ సాయంత్రం, ప్రపంచ జనాభాలో సగం ఎక్కిన బస్సులో ఇద్దరం నయా రాయపూర్ నుంచి వస్తున్నాం. ఉన్నట్టుండి అమ్మాయి ముఖం పాలిపోయింది.

"అమ్మా, వెనకవాడు చెయ్యేస్తున్నాడు," అంది తెలుగులో. ఇక్కడ బయటికెళితే మాకు తెలుగే రహస్య భాష.

"ఇటొచ్చేయ్. పీఛే చూడకు," అన్నాను.

"ఎందుకు పిన్నీ? పిల్ల ఇక్కడే బాగుంది," అన్నాడు వాడు, చక్కటి తెలుగులో.



అమ్మాయి గుడ్డ విప్పింది. ఒక చెయ్యి కడ్డీ మీద, ఇంకో చేతిలో గుడ్డ. బస్సు కుదిపినప్పుడల్లా అది ముడుచుకుపోతోంది. దాన్ని చదివినవాళ్లు కిటికీల వైపు తిరిగిపోయారు. వాడు నవ్వుతున్నాడు. నేను రెండో అంచు లాగి పట్టుకుని, మా రైల్వే కాలనీ అంతటికీ వినిపించే గొంతుతో, అందరూ చదవండంటూ "పఢో! సబ్ లోగ్ పఢో!" అని అరిచాను.

ఒక్కరూ లేవలేదు. కండక్టర్ మాత్రం దిగిపొమ్మంటూ "ఉతరో భాయ్" అని గొణిగాడు. వాడు మందిర్ హసౌద్ స్టాపులో తాపీగా దిగుతూ, "వస్తా పిన్నీ," అన్నాడు.

ఇంటికొచ్చాక అమ్మాయి అన్నం ముట్టలేదు. మర్నాడు కుట్టుమిషన్ ముందు కూర్చుని, పక్కవాళ్లు పట్టుకోవడానికని ఆ గుడ్డకు రెండోవైపు ఒక పిడి కుట్టింది. ఆ పిడి ఎవరైనా అందుకుంటారని నాకింకా నమ్మకం లేదు. అందుకే ఇప్పుడు అమ్మాయితోపాటు నేనూ బస్సెక్కుతున్నాను.