చదివి వినిపించాకే వేలిముద్ర

తమ్ముడు పోయాడని కామారెడ్డి నుంచి ఫోను వచ్చినప్పుడు చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చుడుతున్నాను. విన్నాను. చేతిలో ఉన్న బీడీకి దారం కట్టాను. ఇంకో ఆకు తీసుకున్నాను. ఏడుపు రాలేదు. ఇప్పటికీ రాలేదు.

మీకు ఆయన ఎమ్మెల్యే. నాకు మా వాడకట్టు తమ్ముడు. వాళ్లమ్మ, నేను ఎల్లారెడ్డిలో ఒకే అరుగు మీద బీడీలు చుట్టేవాళ్లం. పది చదివాక పై చదువుకు వీలులేక, తహసీలు ఆఫీసు ముందు బల్ల వేసుకొని అర్జీలు రాసేవాడు. ఆయన రాజకీయం మొదలైంది ఆ బల్ల దగ్గరే.

నా మొగుడు పోయాక మా ఎకరం పొలాన్ని మా మరిది తన పేరున రాయించుకున్నాడు. ఆ గోడు రాయించడానికి పోయాను.

"రాయి తమ్మీ, నా మరిది దొంగ."

"దొంగ అని రాస్తే సారుకు కోపమొస్తది అక్కా."

"సారుకెందుకు? సారు గూడ పొలం గుంజుకున్నడా?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. తమ్ముడూ నవ్వాడు, కానీ రాశాడు. రాసిందంతా చదివి వినిపించాడు. మధ్యలో 'దయతలచి' అని వినబడింది.

"గది నేనన్ననా?"

ఆ మాట కొట్టేశాడు. అప్పుడు వేలిముద్ర తీసుకున్నాడు. మిగతా రాతగాళ్లు వేలు గోడకు రుద్దుకొని పొమ్మనేవారు. తమ్ముడు తన భుజమ్మీది తువ్వాల కొస అందించాడు. "సదివి వినిపియ్యకుండ ముద్ర అడిగితే ఎవ్వరికీ ఇయ్యకు అక్కా. నాకు గూడ" అన్నాడు.

ఆ బల్ల దగ్గరికి వచ్చినవాళ్లే ఆయన్ను సర్పంచిని చేశారు, తర్వాత ఎమ్మెల్యేని. అప్పుడు కూడా గాంధారి తండాల నుంచి ఎవరైనా వస్తే కారు మీదనే కాగితం పెట్టి తానే రాసేవాడు, తానే చదివేవాడు.

నా పొలం మాత్రం రాలేదు. ఎమ్మెల్యే అయ్యాక అడిగాను. మా మరిది చేతిలో చాలా ఓట్లున్నాయి. తమ్ముడు తల దించుకొని, "నాతోని కాలేదని అబద్ధం చెప్ప అక్కా. నేనే చెయ్యలే" అన్నాడు.

ఏడాదిపాటు నేను ఆయనతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు ఎదురుపడి, "కోపం ఇంక పోలేదా అక్కా?" అన్నాడు.

"పొలం వచ్చిందా?" అన్నాను.

'అయితది, చూద్దాం' అన్నవాళ్లు ఎంతమందో. చెయ్యలేదని నా మొఖం మీద చెప్పినవాడు ఆయనొక్కడే.

ఆయన పోయిన మూడో రోజు ఆయన పార్టీ మనుషులిద్దరు సంతాప సభలో చదవడానికంటూ కాగితం పట్టుకొచ్చారు.

"ఈడ వేలు పెట్టు అవ్వా."

"సదువు."

"మంచిగనే రాసినం."

"సదువు బిడ్డా."

చదివారు. దిక్కులేని నాకు ఆయన పొలం ఇప్పించాడట.

"ఏడున్నది? చూపియ్యి, ఇప్పుడే పోయి దున్నుకుంట."

"సచ్చిపోయినాయనకు పేరొస్తది గద అవ్వా."

"నా అబద్ధంతోని రావాల్నా ఆయనకు పేరు?"

కాగితం మడుచుకొని పోయారు.

అందుకే ఈ మాటలు నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. చేసిందీ రాయమన్నాను, చెయ్యనిదీ రాయమన్నాను. మొత్తం చదివి వినిపించింది. ముద్ర వేశాను. సిరా వేలు గాలిలో అట్లాగే పట్టుకొని కాసేపు కూర్చున్నాను. తర్వాత చాట ఒడిలోకి లాక్కున్నాను. మొదటి ఆకు మీద నీలంగా అంటింది. చుట్టి, దారం కట్టాను.